పానకానికి వడపప్పు తోడు
(శ్రీరామనవమి ఉత్సవాల సందర్భంగా ఆలయ ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నవమి దినాలలో మీలో ప్రతి ఒక్కరూ చలువపందిట్లో ఒక గ్లాసు పానకం, దోసిట్లో ఇంత వడపప్పు అందుకొనే ఉంటారు. ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఎందుకు వస్తాయని ఆలోచించినారా? పానకం పోసి వడపప్పు పెట్టని పందిరి మన తెలుగునాట అరుదు. మన పెద్దలు నైవేద్య పదార్థాన్ని ఒంటరిగా విడువలేదు. తీపికి కారాన్ని, పప్పుకు నేతిని, పెరుగుకు అల్లాన్ని, ఆకుకూరకు ఉసిరికను తోడుగా కూర్చినారు. ఆ తోడులను గురించి నాలుగు మాటలు మనవి చేయుటకే నేడు మీ ముందు నిలిచినాను.

నేను ముప్పై ఏళ్లు గృహవిజ్ఞాన శాస్త్రం బోధించిన అధ్యాపకురాలిని. పదవీ విరమణ తరువాత అన్నదాన సత్రపు వంటశాలలో సేవ చేసుకొంటున్నాను. పుస్తకంలో చదివినదానిని వంటశాలలోనూ, వంటశాలలో చూచినదానిని పుస్తకంలోనూ సరిచూసుకొనడం నాకు అలవాటు. కనుక శాస్త్రం తేల్చినదేదో, పెద్దల అనుభవం చెప్పినదేదో విడదీసి చెప్పుటకు ప్రయత్నిస్తాను. చివర మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకొంటాను. అది చెప్పకపోతే ఈ ప్రసంగంలో సగమే నిజమవుతుంది.

అన్నం పట్ల మన దృష్టి

తైత్తిరీయోపనిషత్తులో భృగుమహర్షి తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని మొట్టమొదట తెలుసుకొన్నాడు. ఆనందమే బ్రహ్మమని తెలుసుకొనుట ఆ పిమ్మటి మాట. అంటే అన్నం అనే తొలిమెట్టు ఎక్కకుండా పైమెట్టుకు దారి లేదు. భగవద్గీత పదిహేనవ అధ్యాయంలో పరమాత్మ తాను వైశ్వానరాగ్ని రూపంలో ప్రాణుల దేహాలలో ఉండి ఆహారాన్ని పచనం చేస్తున్నానని చెప్పినాడు. మన కడుపులోని జఠరాగ్ని కూడా ఒక హోమకుండమే. హోమంలో ఏ ద్రవ్యం, ఎంత, దేనితో కలిపి వేయాలో నియమం ఉన్నట్లే భోజనానికీ నియమం ఉన్నది. ఆ నియమాన్ని మన అవ్వలు గ్రంథాలు తిరగవేసి నేర్చుకోలేదు. పండుగ నైవేద్యాలే వారికి పాఠ్యపుస్తకాలు.

పానకం – వడపప్పు

చైత్రమాసంలో ఎండ ముదురుతుంది. చెమట రూపంలో దేహం నీటిని, లవణాన్ని కోల్పోతుంది. అప్పుడు వచ్చే పండుగకు పెద్దలు ఏర్పరచిన నైవేద్యం నీటిలో కరిగిన బెల్లం. దానిలో మిరియాలపొడి, శొంఠి, ఏలకులు, కొందరి ఇండ్లలో రెండు తులసి దళాలు. మంగళగిరి కొండపై నృసింహస్వామికి పానకాలస్వామి అని పేరే వచ్చినది. భక్తుడు సమర్పించిన పానకంలో సగం స్వామి స్వీకరించి, సగం ప్రసాదంగా విడుస్తాడని భక్తుల విశ్వాసం. కొండ ఎక్కి అలసి వచ్చినవానికి ఆ సగం పానకం ఎంత హాయినిస్తుందో అనుభవించినవారికే తెలుసు.

బెల్లపు నీరు రక్తంలోకి త్వరగా చేరుతుంది, తక్షణ శక్తినిస్తుంది. మిరియం, శొంఠి జఠరాగ్నిని మేల్కొలుపుతాయని ఆయుర్వేదం చెప్పినది. అయితే త్వరగా వచ్చిన శక్తి త్వరగానే పోతుంది. అందుకే ప్రక్కన వడపప్పు. నానిన పెసరపప్పులో మాంసకృత్తులున్నాయి, పీచున్నది. తీపితో పాటు ఇవి కడుపులో పడితే చక్కెర రక్తంలో చేరే వేగం కొంత తగ్గుతుంది, ఆకలి నిలిచి తీరుతుంది. పప్పుధాన్యాలన్నింటిలో పెసరపప్పు తేలికగా అరిగేది. నానబెట్టుట వలన వాయువు కలిగించే పదార్థాలు కొంతమేర నీటిలోకి దిగిపోతాయి. ఆ నీటిని పారబోసి, పప్పులో కొబ్బరికోరు, పచ్చిమామిడి ముక్కలు, చిటికెడు ఉప్పు కలుపుతాము. చెమటతో పోయిన లవణం ఆ చిటికెడులో తిరిగి వస్తుంది.

ఒక్క జాగ్రత్త చెప్పి ముందుకు వెళతాను. వడపప్పు వండని పదార్థం. వేసవి వేడిమిలో కొద్ది గంటలలోనే పులిసి చెడుతుంది. శుద్ధమైన నీటిలో నానబెట్టి, వడకట్టి, వెంటనే నివేదించి, వెంటనే పంచాలి. ఉదయం నానిన పప్పును సాయంత్రం పంచుట భక్తి కాదు, అపచారం.

దద్ధ్యోజనం

తిరుమల శ్రీవారికి నిత్యం కొత్త మట్టి ఓటిలో దద్ధ్యోజనం నివేదిస్తారు. ఎన్నెన్నో భక్ష్యాలు వండే ఆ పోటులో ఈ సామాన్య పదార్థానికి దక్కిన గౌరవం గమనించదగినది. పేదవాని పెరుగన్నమే వైకుంఠనాథుని నైవేద్యం.

పెరుగు విషయంలో చరకసంహిత ఒక నియమం చెప్పినది. రాత్రివేళ పెరుగు తినరాదు. తినేవేళనైనా నెయ్యి, చక్కెర, పెసరకట్టు, తేనె, ఉసిరిక వంటివాటిలో ఏదో ఒకటి తోడు లేకుండా తినరాదు. తోడు అన్న భావన ఎంత పాతదో చూచినారా? దద్ధ్యోజనంలో మెత్తగా ఉడికిన అన్నం, కొంచెం పాలు, తాజా పెరుగు కలిపి, అల్లం, మిరియాలు, కరివేపాకు, ఇంగువ, ఆవాలతో తాలింపు పెడతారు. చల్లనిదానికి వేడిమినిచ్చే ద్రవ్యాలు ఆవిధంగా తోడవుతాయి. పాలు పెరుగుగా తోడుకొనేటప్పుడు పాలలోని చక్కెరలో కొంత ఆమ్లంగా మారుతుంది. కనుక పాలు సరిపడనివారిలో అనేకులకు పెరుగు, మజ్జిగ సరిపడతాయి. భోజనాన్ని మజ్జిగతో ముగించే మన ఆచారంలో ఈ మేలున్నది.

పోతనామాత్యుని భాగవతం దశమ స్కంధంలో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి యమునాతీరాన చల్దులు ఆరగించే ఘట్టం మీకందరికీ తెలిసినదే. పెరుగు కలిపిన చద్దిముద్ద ఎడమచేత ఉంచుకొని, వ్రేళ్ల సందున ఊరగాయలు ఇరికించుకొన్నాడు స్వామి. చద్దికి ఊరగాయ తోడు. రాత్రి అన్నంలో నీరు, కొంచెం మజ్జిగ పోసి ఉంచితే తెల్లవారేసరికి అది సన్నగా పులుస్తుంది. దాని కొద్దిపాటి పులుపు కడుపుకు హితమని రైతుకుటుంబాలు తరతరాలుగా నమ్మినవి. నాగలి పట్టేవానికి మధ్యాహ్నం వరకు అది ఆధారం.

కట్టెపొంగలి, పులిహోర

ధనుర్మాసపు తెల్లవారుజామున, చలి వణికిస్తున్నప్పుడు, దొన్నెలో వేడివేడిగా అందే కట్టెపొంగలిని తలచుకోండి. బియ్యం, పెసరపప్పు, నెయ్యి, మిరియాలు, జీలకర్ర, అల్లం. ఇది శాస్త్రజ్ఞులు మెచ్చే కూర్పు. మాంసకృత్తులు నిర్మించే అవశ్యక ఆమ్లాలలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. మిథియోనిన్ అనేది పప్పులో తక్కువ, బియ్యంలో ఎక్కువ. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. మన పప్పన్నం, కిచిడి, ఇడ్లీ, పెసరట్టు–ఉప్మా అన్నీ ఈ సూత్రం మీదనే నిలిచినవి. దంపతులలో ఒకరి లోటును మరొకరు పూరించినట్లే ఇది.

పులిహోర యాత్రికుల ఆహారం. చింతపండు పులుపు, నూనె, ఉప్పు, పసుపు కలిసినందున మామూలు అన్నం కంటె ఎక్కువసేపు నిలుస్తుంది. బండ్లు కట్టుకొని యాత్రలకు వెళ్లిన రోజులలో మూటలో ఉండినది పులిహోరయే. ఇంగువ, మెంతులు, అల్లం జీర్ణానికి. శనగపప్పు, వేరుశనగ గింజలు, నువ్వులపొడి బలానికి. ఇక పసుపును గురించి ఒక మాట. పసుపులోని ముఖ్యసారం ఒంటరిగా తింటే దేహానికి చాలా కొద్దిగానే అందుతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో, మిరియపు సారాన్ని జతచేసినపుడు అది రక్తంలో చేరే పరిమాణం ఎన్నో రెట్లు పెరిగినట్లు తేలినది. వారు వాడినది మన వంటలో పడే చిటికెడు కాదు, అంతకు మించిన మోతాదు. కనుక పులిహోర తింటే రోగాలు పోతాయని నేను అనను. పసుపునూ మిరియాన్నీ ఒకే పోపులో వేసిన అవ్వ చేయి పొరపాటు పడలేదని మాత్రం అంటాను.

నువ్వులు–బెల్లం, అవిసె–ఉసిరిక

సంక్రాంతికి నువ్వులు, బెల్లం. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలనిస్తుంది. చలికాలంలో నువ్వుల నూనె దేహానికి ఇంధనం. అందుకే చిమ్మిలి ఉండ చిన్నదిగానే చుట్టుతారు. చిన్నది చాలును కనుక.

వైష్ణవ గృహాలలో ఏకాదశి ఉపవాసం తరువాత ద్వాదశి పారణకు అవిసె ఆకు, ఉసిరిక వాడే సంప్రదాయమున్నది. అవిసె చెట్టుకు అగస్త్యమని సంస్కృత నామం. వాతాపిని జీర్ణం చేసుకొన్న మహర్షి పేరు గల ఆకును, ఒకనాడంతా ఖాళీగా ఉన్న కడుపుకు తొలి ఆహారంగా ఇచ్చుట ముచ్చటగా లేదా? ఆకుకూరలలోని ఇనుము మన దేహానికి సులభంగా పట్టదు. ప్రక్కన విటమిన్ సి గల పుల్లని పదార్థం ఉంటే పట్టుతుంది. ఉసిరికలో అది సమృద్ధి. ఆకుకూర పప్పులో చివర పిండే నిమ్మరసం కూడా ఆ పనే చేస్తుంది. మరి భోజనం కాగానే టీ త్రాగితే? టీలోని వగరు ఆ ఇనుమును పట్టి ఉంచి దేహానికి చేరనీయదు. రక్తహీనతతో బాధపడే మన ఆడబిడ్డలు ఈ ఒక్క మాట గుర్తుంచుకొని, టీని భోజనానికి గంటో రెండు గంటలో దూరం జరిపితే నేను చెప్పినదానికి ఫలితం దక్కినట్లే.

మా నాన్నగారి సంగతి

ఇంతవరకు మంచి చెప్పినాను. ఇక మా ఇంటి సంగతి.

మా నాన్నగారు పరమ భక్తులు, మధుమేహ రోగి కూడా. ఒక సంవత్సరం కొండమీది స్వామి దర్శనానికి మెట్లదారిన బయలుదేరినారు. తెల్లవారుజామున మాత్ర వేసుకొన్నారు. దర్శనం అయ్యేవరకు పచ్చి మంచినీరైనా ముట్టనని నియమం పెట్టుకొన్నారు. సగం మెట్లు ఎక్కేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. మెట్టు మీద కూలబడిపోయినారు. మాకు కాళ్లు చేతులు ఆడలేదు. వెనుక వస్తున్న ఒక అవ్వ మూట విప్పి, స్వామికి ముడుపు కట్టి తెచ్చుకొన్న బెల్లంలో ముక్క త్రుంచి, “ముందు ఇది తినవయ్యా నాయనా, స్వామి ఎక్కడికీ పోడు” అన్నది. పావుగంటలో నాన్నగారు తేరుకొన్నారు. మాత్ర చక్కెరను దించినది, ఉపవాసం, శ్రమ మరింత దించినవి. ఆ బెల్లమే వారిని నిలబెట్టినది.

ఆనాటి నుండి నాన్నగారికి ఒక నమ్మకం కుదిరినది. “ప్రసాదం బెల్లం నన్ను బ్రతికించినది. ప్రసాదం నన్నేమీ చేయదు” అనేవారు. నవమి ఉత్సవాలు తొమ్మిది రోజులూ పూటకు రెండు గ్లాసుల పానకం. పొంగలి, పరమాన్నం వేరే. నేను ఆ శాస్త్రం చదువుకొన్నదానిని. బెల్లం కూడా చక్కెరయేనని, దానిలోని కొద్దిపాటి ఖనిజాలు మధుమేహ రోగిని రక్షించలేవని తరగతిలో పిల్లలకు చెప్పేదానిని. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ప్రసాదాన్ని వద్దనుట పాపమేమోనని జంకినాను.

ఆ వేసవిలోనే మండుటెండలో వట్టి కాళ్లతో రాతిబండల మీద ప్రదక్షిణ చేసినారు. మధుమేహం వలన పాదాలకు స్పర్శ తగ్గిపోయిన సంగతి వారికి తెలియదు. అరికాలు బొబ్బలెక్కినా నొప్పి తెలియలేదు. పుండు మానలేదు. చివరకు రెండు కాలివ్రేళ్లు తీసివేయవలసి వచ్చినది. తొమ్మిది రోజుల పానకమొక్కటే దానికి కారణమని నేను అనను. ఏళ్ల తరబడి అదుపులో లేని చక్కెర కారణం. కాని ఆ అదుపు తప్పుటలో నా మౌనానికి పాలున్నది.

ఆసుపత్రి మంచం మీద నాన్నగారు గీత ఆరవ అధ్యాయం చదివించుకొన్నారు. మితిమీరి తినేవానికి యోగం లేదు, బొత్తిగా తిననివానికీ లేదు అని భగవానుడు చెప్పిన చోట ఆపమన్నారు. “మెట్ల మీద ఒకటి చేసినాను, పందిట్లో రెండవది చేసినాను. రెండూ ఆయన వద్దన్నవే” అన్నారు. ఆ తరువాత ఎనిమిదేళ్లు జీవించినారు. ప్రతి నవమికీ అరచేతిలో ఒక్క చుక్క పానకం పోయించుకొని, కళ్లకద్దుకొని, నాలుకకు తాకించుకొనేవారు. దానికి వడపప్పు మాత్రం దోసెడు తినేవారు.

యాత్రికులకు మనవి

మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొనేవారు ఉపవాస నియమం పెట్టుకొనే ముందు వైద్యుని అడగండి. జేబులో బెల్లం ముక్కో, చక్కెర పొట్లమో ఉంచుకోండి. వణుకు, చెమట, తడబాటు కలిగితే, రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పోతే, సుమారు 15 గ్రాముల చక్కెర, అనగా మూడు చెంచాలు, నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే మరొకసారి త్రాగండి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏమీ పోయకండి. వెంటనే వైద్య సహాయం పిలవండి. పాదాల స్పర్శ తగ్గినవారు ఎండవేళ ప్రదక్షిణ మానండి, తెల్లవారుజామున చేయండి. రాత్రి పడుకొనేముందు అరికాళ్లు చూచుకోండి.

ప్రసాదం కణమైనా ప్రసాదమే. కణం స్వీకరించి, మిగిలినది ప్రక్కవారికి పంచినవానికి ఫలం తగ్గదు. ఇది మీ ఇంటి పెద్దలకు మీరే చెప్పండి. నావలె జంకకండి.

దాతలకు మనవి

గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ లేదనకుండా అన్నం పెట్టినారు. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానం నేడు మహావృక్షమైనది. ఆ త్రోవలోనే మన సత్రమూ నడుస్తున్నది. పుట్టినరోజులకు, పెండ్లిరోజులకు దాతలు తీపి వంటకం చేయించమని అడుగుతారు. ఆ ముచ్చటను కాదనను. దానికి తోడుగా పప్పుకు, పెరుగుకు, ఆకుకూరకు, ఉసిరిక పచ్చడికి కూడా మీ దానంలో పాలు కేటాయించండి. పంక్తిలో కూర్చున్న కూలివాని బిడ్డకు లడ్డు ఒక నిమిషపు సంతోషం, పప్పు నెయ్యి రేపటి బలం. రెండూ కలిస్తే నిండు విస్తరి.

మా వంటశాల సేవకులం ఈ సంవత్సరం ఒక చిన్న మార్పు చేసుకొన్నాము. పానకం పందిట్లో పెద్ద గ్లాసుల ప్రక్కన చిన్న ఉద్ధరిణె ఒకటి ఉంచినాము. అడిగినవారికి దానితో అరచేతిలో తీర్థంవలె పోస్తాము. మొన్న ఒక పెద్దాయన ఉద్ధరిణె చూపి, “అమ్మా, నాకు దీనితోనే” అని నవ్వుతూ చేయి చాచినారు. పోసి, రెండవ చేతిలో దోసెడు వడపప్పు పెట్టినాను. నాకు నాన్నగారు గుర్తుకు వచ్చినారు.

తోడు లేని తీపి, మితం లేని భక్తి మనకు వద్దు. పానకానికి వడపప్పును కూర్చిన పెద్దల వివేకం మన విస్తళ్లలో నిలుచుగాక. సీతారాముల కృప మీ అందరి ఆరోగ్యాన్ని కాపాడుగాక.

స్వస్తి.